అచ్చుకు అర టికెట్

గద్వాలలో మా అన్న ఇంట్లో ఎలుకలు అచ్చు కొరికేశాయన్న కబురు నూలు బేరగాడు తెచ్చాడు. నేతగాళ్ళ ఇంట ఇంతకన్నా పాడు కబురు ఉండదు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను. అచ్చు అంటే మగ్గానికి అడ్డంగా ఉండే పొడవాటి దువ్వెన, దాని వెనక వరసగా వేలాడే దారపు కళ్ళు. పడుగులోని ప్రతి పోగూ ఒక్కో కంట్లోంచి దూరి, పళ్ళ సందులోంచి ఇవతలికి రావాలి. పోగులకు పట్టిన గంజి వాసనకే ఎలుకలు చేరి ఉంటాయి.

అన్న పెద్దబిడ్డ పెండ్లి దగ్గర పడింది. తలంబ్రాల చీర సన్ననూలుతో తన మగ్గం మీదే నేస్తానని ఆ పిల్ల ఉయ్యాలలో ఉన్నప్పటినుంచీ అన్న చెప్పుకుంటున్నాడు. సన్ననూలుకు సన్నటి అచ్చే కావాలి. అలాంటివి మా నాయిన రెండు సంపాదించి, ఒకటి గద్వాలకు ఇల్లరికం పోయిన అన్నకిచ్చాడు, ఒకటి నాతో అత్తవారింటికి పంపాడు. అన్నది పోయింది కనుక ఇక ఉన్నది నాదే.

"ఏం చేస్తడు పాపం, మిల్లుచీర కొంటడట," అన్నాడు బేరగాడు.

"నేతోళ్ల పిల్ల మిల్లుచీర కట్టి పీటల మీద కూసుంటదా? నేను బతికుండంగనా?" అన్నాను. నాకు కోపం తొందరగా వస్తుంది, దాన్ని దాచుకునే అలవాటు లేదు.

ఆ మధ్యాహ్నమే మగ్గం మీది పంచెను కోసి దించాను. అచ్చులో దూర్చిన పాత పోగులను మాత్రం తీయలేదు. రెండువైపులా మూరెడేసి వేలాడనిచ్చాను. అవి అలాగే గద్వాల చేరితే, అన్న కొత్త పడుగులోని పోగులను వీటి కొసలకు వేళ్ళతో మెలిపెట్టి అతికితే చాలు. దారిలో చిక్కుపడ్డాయో, అన్నీ తీసేసి ఒక్కొక్క పోగూ మళ్ళీ దూర్చుకోవాలి. అంతలో పెండ్లి వచ్చి పోతుంది.

సామాను సర్దడం దగ్గర మాకిద్దరికీ పేచీ వచ్చింది. మా ఆయన పినతల్లి కొడుకు షోలాపూరు మిల్లులో పనిచేసి తెచ్చుకున్న రేకుపెట్టె ఒకటి ఉంది. మూతమీద గులాబీ పువ్వు, ఇత్తడి తాళం. దాన్ని అడిగి తెచ్చి నడింట్లో పెట్టాడు.

"పట్నం పొయ్యేటోళ్లు పెట్టె పట్టుకపోతరే. మూటలు ఎవలు మోస్తరు?" అన్నాడు.

"అచ్చు నా రొమ్ములదాక ఉంది. నీ పెట్టె నా మోకాళ్లదాక ఉంది. ఇరగ్గొట్టి పెట్టాల్నా?"

అచ్చును నా పద్ధతిలోనే కట్టాను. పోగుల మధ్య సన్నటి వెదురుపుల్లలు పెట్టి, కొసలను ఆడపిల్లకు అల్లినట్టు జడ అల్లాను. ఉతికి ఉతికి మెత్తబడ్డ పాతపంచె చుట్టాను. అటూ ఇటూ రెండు వెదురుబద్దలు దాపు పెట్టి, ఈతచాపలో చుట్టి, పైన మైనపుగుడ్డ కప్పి మూడుచోట్ల కట్టాను. నా మిగతా సామాను ఒక చేతిసంచి. అందులో రాగిచెంబు, ఒక చీర, పేలపిండి, బెల్లం, సూదీ దారం. ప్రయాణం కట్టే ఆడవాళ్ళకు నా మాట ఇదే. చేతికి అందేచోట ఉన్నదే సామాను, మిగిలిందంతా బరువు. మా ఆయన పెట్టెలో ఏమేం పెట్టాడో నేను చూడలేదు. జొన్నరొట్టెలు మాత్రం నలగకుండా ఉంటాయని అందులోనే పెట్టి తాళం వేశాడు.

తెల్లవారుజామున బండి కట్టుకుని కేతేపల్లి దగ్గర రోడ్డెక్కాం. ఏడింటికి సూర్యాపేట నుంచి బస్సు వచ్చింది. అవి యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. వెనక పెద్ద కుంపటి లాంటిది బిగించి ఉండేది, నిప్పురవ్వలు టాపు మీదికి లేచేవి. కండక్టరు నా చాపచుట్టను చూడగానే పైకి చెయ్యి చూపించాడు.

"టాపు మీద ఎయ్యి తల్లీ. లోపల జాగా లేదు."

"నిప్పురవ్వలు పడ్తయి. నా ఒళ్లె ఉంటది."

"ఒళ్లె పెట్టుకోనీకి అదేమన్న పసిపిల్లనా?"

"పసిపిల్లే అనుకో."

"పసిపిల్లైతే అర టికెట్ తియ్యాలె మరి," అన్నాడు. బస్సంతా గొల్లుమంది. వాడు నన్ను దించుదామనుకున్నాడు కానీ నేను కొంగుముడి విప్పి అర టికెట్ డబ్బులు లెక్కపెట్టి చేతిలో పెట్టాను. వాడు నిజంగానే టికెట్ చింపి ఇచ్చాడు. ఆ అర టికెట్ ఇప్పటికీ నా దగ్గరుంది. ఈ దేశంలో అచ్చుకు టికెట్ కొన్నదాన్ని నేనొక్కదాన్నే అయి ఉంటాను.

నార్కట్‌పల్లిలో బొగ్గు వేయడానికి బస్సు ఆగింది. అందరూ చాయ్ తాగుతున్నారు. మా ఆయన రొట్టెలు తీద్దామని పెట్టె ముందు కూర్చుని జేబులు తడుముకున్నాడు, రొంటి తడుముకున్నాడు. ఆఖరికి నా మొహం చూశాడు.

"తాళంచెవి మగ్గంకాడ గోడమొలకు తగిలేసిన," అన్నాడు మెల్లగా.

నేనేమీ అనలేదు. చేతిసంచిలోంచి పేలపిండి తీసి, చెంబులో నీళ్ళూ బెల్లమూ కలిపి ముందు ఆయనకే పెట్టాను. అనకపోవడమే ఆయనకు ఎక్కువ బాధ కలిగించిందని తర్వాత తెలిసింది.

మధ్యాహ్నానికి పట్నం చేరాం. జట్కాలో కాచిగూడ పోయి స్టేషను పక్క సరాయిలో దిగాం. పెట్టె తాళం పగలగొట్టడానికి ఆయనకు మనసొప్పలేదు, అరువు సొమ్ము కదా. మర్నాడు పొద్దున్నే కర్నూలు పోయే రైలెక్కాం. షాద్‌నగర్‌లో భజనలు పాడుకునే ముసలాయన ఒకాయన ఎక్కి నా ఎదుట కూర్చున్నాడు. ఆయన చూపంతా నా చాపచుట్ట మీదే.

"తంబురానా బిడ్డా? జర ఇప్పి వాయించరాదు?"

"అచ్చు తాతా. వాయిస్తే పాట రాదు, చీర వస్తది," అన్నాను. ఆయన ముసిముసిగా నవ్వుకుని, దానికి కూడా ఒక దండం పెట్టాడు.

జడ్చర్ల దాటాక వాన పట్టుకుంది. కిటికీ తలుపు సగంలో ఇరుక్కుపోయింది. జల్లు లోపలికి కొట్టి రైలుడబ్బా నేలంతా తడిసింది. పోగులకు తడి తగిలితే గంజి కరిగి ఒకదానికొకటి అంటుకుంటాయి. మైనపుగుడ్డ పైనుంచి కాపాడుతుంది గానీ కొసల నుంచి నీరు ఎక్కితే నేనేం చేయను? అప్పుడు మా ఆయన రేకుపెట్టెను నిలువుగా నిలబెట్టి, అచ్చును దానిమీద ఎత్తిపెట్టి, తను కిటికీకి వీపు ఆనించి నిలబడ్డాడు. మహబూబ్‌నగర్ వచ్చేదాకా అలాగే తడిశాడు. గులాబీపువ్వు పెట్టె మీద నాకు అప్పుడే కోపం పోయింది.

వనపర్తి రోడ్డు స్టేషను దాటి, కృష్ణ వంతెన మీదికి వచ్చాం. అందరూ నదిలో పైసలు వేస్తున్నారు. నా రెండు చేతులూ ఖాళీ లేక మనసులోనే మొక్కుకున్నాను.

పట్నం నుంచి తంతి కొట్టించాం కనుక గద్వాల స్టేషనులో అన్న నిలబడి ఉన్నాడు. చెల్లెలు వచ్చిందని కాక, ముందు చాపచుట్టవంకే చూశాడు. నేనూ తప్పు పట్టలేదు. ఇంట్లో చాప తీసి, పంచె విప్పి, జడ విప్పాను. వదినె, పెండ్లిపిల్ల, వాళ్ళ వెనక చిన్నపిల్లలిద్దరూ చూస్తున్నారు. పోగులు నూనె పెట్టి దువ్విన వెంట్రుకల్లా తిన్నగా జారాయి. అన్న వంగి, వేలితో ఒక కొస నుంచి ఇంకో కొసకు మీటుకుంటూ పోయాడు.

"చెల్లె, ఒక్క పోగు చిక్కుపడలే," అన్నాడు. మగ్గం గుంట గట్టుమీద బొగ్గుముక్కతో చిన్నప్పుడు నాకు అక్షరాలు దిద్దించిందీ ఆ వేలితోనే. నేను ఏడ్చాను. ఏడ్చానని చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు.

మర్నాడు వదినె ఒక కొస నుంచీ నేను ఒక కొస నుంచీ పోగులు అతుకుతూ వచ్చి నడుమ కలిశాం. చీర లగ్గానికి ముందే దిగింది. పసుపులో ముంచి ఆరేస్తే, చూసిపోదామని వీధివీధంతా వచ్చింది. మా పిల్ల ఆ చీర కట్టి పీటల మీద కూర్చున్నప్పుడు మా అన్న నిలబడిన తీరు చూడాలి. ఏ దొరా తన గడిలో అంత నిటారుగా నిలబడి ఉండడు.

తిరుగుప్రయాణం రోజు అన్న అచ్చును మళ్ళీ చాపలో చుట్టబోయాడు. పెండ్లిపిల్ల తర్వాత ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారు ఆ ఇంట్లో. వాళ్ళు మగ్గం పక్కన నిలబడి నా వంక చూస్తున్నారు.

"ఉండనియ్యి అన్నా. ఈళ్లిద్దరి పెండ్లిళ్లు అయినంక చూద్దం," అన్నాను.

మా ఆయనను అడగకుండా అన్నాను. ఇకమీదట మా మగ్గం మీద ముతకపంచెలే, సన్ననేత ఉండదు. ఆయనకూ తెలుసు. రైల్లో జడ్చర్ల దాకా నాతో మాట్లాడలేదు. నేను ఖాళీ ఈతచాపను పైబల్ల మీద పరుచుకుని పడుకున్నాను. చాప చాపగా పనికొచ్చింది ఆ ఒక్కసారే.

పట్నం నుంచి ఎక్కిన బస్సులో అదే కండక్టరు. నన్ను చూడగానే గుర్తుపట్టి, ఖాళీ ఒడివంక చూశాడు.

"ఏం తల్లీ, ఇయ్యాల అర టికెట్ లేదా? పిల్లేది?"

నేను నోరు తెరిచేలోపు, గులాబీపువ్వు పెట్టె మీద కూర్చున్న మా ఆయన మీసం సవరించుకుని, బస్సంతా వినబడేలా చెప్పాడు.

"గద్వాలకిచ్చినం."