అత్తరు సీసాలో పగడం

మా హబీబ్ సారు ఇక లేరని నెక్కొండ నుంచి వచ్చిన ఆయన తమ్ముడు కాలేజీ మెట్ల మీద చెబితే నేను నమ్మలేదు. మొన్న శుక్రవారమే కదా, రిటైరయ్యాక కూడా మానని అలవాటు కొద్దీ నమాజు తర్వాత ల్యాబుకు వచ్చి, నేను కలిపిన చాయ్ తాగి "చక్కెర జర ఎక్కువైంది, ఐనా మంచిగున్నది" అన్నారు! వరంగల్లులో జంతుశాస్త్ర బోధనకు జీవితాన్ని ధారపోసిన ఆ మహనీయుడు ఏనాడూ సముద్రం చూడలేదు. సముద్రమే సీసాలకెక్కి ఆయన బల్ల మీదికి వచ్చేది.

ఓసారి రామేశ్వరం యాత్రకు పోయిన విద్యార్థులు అరచెయ్యంత మెత్తని పగడాన్ని స్పిరిట్టులో వేసి తెచ్చారు. ఏ నమూనా వచ్చినా గోరంత ముక్క కోసి, ఖాళీ అత్తరు సీసాలో స్పిరిట్టు పోసి దాచడం సారు అలవాటు. "పగడానికి పెండ్లి చేస్తున్రా సార్?" అని నవ్వేవాళ్లం. ఆయన మాకంటే గట్టిగా నవ్వేవారు.

మెత్తని పగడాన్ని పోల్చుకునేది దాని కండలో దాగిన సున్నపు పలుకులను బట్టి. చాన్నాళ్లకు సారు అసలు నమూనా ఉన్న పెద్ద సీసాలోంచి ఓ ముక్క తీసి, కండ కరిగించి సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్క పలుకూ లేదు! అపూర్వమన్నారు. ఏడాది శ్రమించి వ్యాసం రాశారు. రిటైరయ్యేలోగా అది అచ్చులో చూడాలన్నదొక్కటే ఆయన కోరిక.

పోస్టు చేసే ముందురోజు ఓ పుస్తకంలో ఒక మాట నా కంటబడింది. నమూనాలు కుళ్లకుండా పోసే ఫార్మలిన్ నిలవుంటే ఆమ్లంగా మారి సున్నాన్ని కరిగించేస్తుందట. వేసవిలో స్పిరిట్టు అయిపోతే, నమూనా ఎండిపోతుందని, డెమాన్‌స్ట్రేటరునైన నేనే ఆ సీసాలో ఫార్మలిన్ నింపాను.

"సార్, తప్పయింది. పలుకులు లేకుంట జేసింది నేనే" అన్నాను, ఏడుపొక్కటే తక్కువ.

సారు వ్యాసాన్ని నిలువునా చింపి పడిపడి నవ్వారు. "ఫికర్ జెయ్యకు కొమురయ్యా. సీసల ఏమున్నదో చూసిన గని, సీస ఏం తిన్నదో చూడలే. అత్తరు సీస తే!"

అందులోంచి నలుసంత తీసి చూసి, కుర్చీలోంచి లేచి గంతేశారు. "అరే, పల్లేరుగాయల లెక్కున్నయ్ రా! ఇసొంటియి ఏ పుస్తకంల లేవు!" నిజంగానే అటువంటి పలుకులను అప్పటిదాకా ఎవరూ వర్ణించలేదు.

రిటైరయ్యే నెలలో కొత్త వ్యాసం అచ్చయింది. సారు మిఠాయి పట్టుకుని కొత్తవాడలో మా ఇంటికే వచ్చారు. ఆ వ్యాసంలో ఒక వాక్యం చూసి బిత్తరపోయాను: పెద్ద నమూనాలో ఫార్మలిన్ పోసిన పొరపాటు ఈ రచయితదేనట!

"ఇదేంది సార్?" అంటే, "నువ్వింక శాన ఏండ్లు కొలువు జెయ్యాలె. నాకేంది, ఇంటికి పోయేటోన్ని" అన్నారు.

ఆ విద్యానిధి, ఆ నిష్కల్మష హృదయం మాకు మళ్లీ దొరకవు. నిన్న ల్యాబుకు వెళ్లి అత్తరు సీసాలో తగ్గిన స్పిరిట్టు నింపాను. ఆయన వ్యాసంలో దిద్దవలసింది ఒక్కటే ఉంది. సారు కోప్పడినా సరే, ఇక్కడ దిద్దుతున్నాను. ఆ ఫార్మలిన్ పోసింది నేను.