ఆదరణ కూడికలో చదవవలసిన మాట

“ఆ మాట బయట అన్నావంటే సోమవారానికి నీకు జాబ్ ఉండదు. మన గ్రీన్ కార్డు పేపర్లన్నీ ఆ ఆఫీసు పేరు మీదే ఉన్నాయి, గుర్తుందా?”

“మా చెల్లి చచ్చిపోయిందండీ. నాకదే గుర్తుంది.”

“మందుపాతర నువ్వు పెట్టావా? న్యూయార్క్‌లో కిటికీ పక్కన కూర్చుని రాళ్లు ఏరుకునేదానివి!”

న్యూయార్క్‌కు దగ్గరలోని పార్సిప్పనీలో ఆ అపార్ట్‌మెంట్ తలుపు కొట్టబోయిన జోసఫ్ చెయ్యి గాల్లోనే ఆగింది. తెలుగు ప్రార్థన కూడికకు ఆయనే పెద్ద. ఆదివారం దేవకుమారి చెల్లెలు లూసీకి ఆదరణ కూడిక. పోయినవాళ్ల జీవితాన్ని కాగితం మీద రాసుకుని అందరి ముందూ చదివేది పెద్దే. వివరాలు రాసుకుందామని వచ్చాడు. వెనక్కి పోదామనుకునేలోపే తలుపు తెరుచుకుంది.

“రండి బ్రదర్. మీరైనా చెప్పండి దీనికి” అంటూ దేవకుమారి భర్త ఆనందబాబు కారు తాళాలు పట్టుకుని విసురుగా వెళ్లిపోయాడు.

లోపల దేవకుమారి నేల మీద కూర్చుని ఉంది. చుట్టూ లూసీ ఉత్తరాలు.

దేవకుమారి విశాఖలో జియాలజీ చదివిన మనిషి. ఎనిమిదేళ్లుగా పాలిష్ పట్టని వజ్రాలు వేరుచేసే పని. తెల్ల కాగితం మీద పోసి పగటి వెలుగులో చూస్తే చాలు, ఏ దేశపు ఏటి రాళ్లో చెప్పేది. చర్చి పిక్నిక్‌లో ఆడవాళ్లు ఉంగరాల చేతులు చాపితే, “వదినా, అన్నయ్య నిన్ను ముంచాడు, ఇది గాజు” అని అందరినీ నవ్వించేది.

రెండేళ్ల కిందట ఆకుపచ్చ పొర కట్టిన రాళ్లు రావడం మొదలైంది. “ఇవి అంగోలావి” అంది యజమానితో. రాళ్లు ఏ దేశానివో చెప్పే కాగితం మీద ఇంకో దేశం పేరుంది. “నీ కళ్లకు దండం పెట్టాలి. కానీ నాకు కావాల్సింది ఈ కాగితం మీద నీ సంతకం” అని నవ్వాడాయన. పెట్టింది.

ఆ అంగోలాలోనే లూసీ మిషను ఆస్పత్రిలో నర్సు. “అక్కా, తిరుగుబాటువాళ్లు ఏట్లో రాళ్లు తవ్వి దొంగతనంగా అమ్ముకుంటున్నారు. ఆ డబ్బుతో ఆయుధాలు కొంటున్నారు. పొలానికెళ్లిన పిల్లల్ని కాళ్లు లేకుండా మోసుకొస్తున్నారు” అని రాసేది. దేవకుమారి ఆ ఉత్తరాలు బస్సులో చదివి ఏడ్చేది. దిగి, ఆఫీసుకెళ్లి, మళ్లీ సంతకం పెట్టేది. నేను కాకపోతే ఇంకొకరు పెడతారులే అనుకునేది.

పోయిన నెల లూసీ జీపు మందుపాతర మీదికెక్కింది. పెట్టెలో పెట్టడానికి కూడా పెద్దగా ఏమీ దొరకలేదట.

“ఆ మందుపాతర ఏ డబ్బుతో కొన్నారో ఎవరికి తెలుసమ్మా?” అన్నాడు ఆమె చెప్పిందంతా విన్న జోసఫ్.

“ఎవరికీ తెలీదన్నా. నాకూ తెలీదు. నా డబ్బుతో కాదని మాత్రం చెప్పలేను.”

జోసఫ్ కాగితం తీశాడు. ఆమె చెబుతుంటే రాసుకున్నాడు: బాపట్లలో పుట్టింది. గుంటూరులో నర్సింగు చదివింది. కోడిగుడ్డు తినేది కాదు. పాడితే శ్రుతి తప్పేది, అయినా గట్టిగా పాడేది. అక్కడ ఆమె చెప్పడం ఆపి ఉత్తరాలన్నీ ఏరి దొంతర పెట్టింది. బయట ఆనందబాబు కారు ఇంకా కదల్లేదు.

“ఇంకొక్కటి రాయండి” అంది చివరికి. “ఆ రాళ్లు ఎక్కడివో ఈమె అక్కకు తెలుసు, తెలిసీ సంతకం పెట్టింది అని రాయండి. నాకు నోరు రాదు. మీరే చదవాలన్నా.”