అక్కడ తీసేశారు, ఇక్కడ ఎక్కలేదు

పొద్దున్న కూరలకని ఇక్కడ ఖరగ్‌పూర్‌లో ఖరిదా బజారుకు వెళ్తే, వార్డు ఆఫీసు ముందు ఆరోగ్య కార్డుల కోసం జనం ఎండలో బారులు తీరి నిలబడి ఉన్నారు, అందులో సగం మంది మన తెలుగువాళ్ళే. వాళ్ళను చూడగానే మా బావ గుర్తొచ్చి, కూరలు కొనకుండానే ఇంటికి తిరిగొచ్చేశాను.

బావంటే మా అప్ప భర్త; మేం అక్కను అప్పనే అంటాం. నేను వర్క్‌షాపు ఆఫీసులో పర్మినెంటు ఉద్యోగిని గనుక రిటైరైనా నాకూ మా ఆవిడకూ రైల్వే వైద్యం ఉంది. ఆయన మాత్రం అదే వర్క్‌షాపులో కాంట్రాక్టరు కింద ఏళ్ళ తరబడి ఇనుము మోసి, ఓపిక తగ్గాక ఈ ఊళ్ళోనే ఝపటాపూర్ పేటలో ఇడ్లీ బండి పెట్టుకున్నాడు. మనలో చాలామందికున్న పిచ్చే ఆయనకూ ఉండేది: పుట్టిందీ పెరిగిందీ ఖరగ్‌పూర్‌లో, రేషను కార్డు మాత్రం శ్రీకాకుళం దగ్గర తాతలనాటి పల్లెలో. ఆ బియ్యం ఊళ్ళో ఉన్న తమ్ముడు తినేవాడు. కార్డు ఇక్కడికి మార్పించుకోమని నేను పోరినప్పుడల్లా, "పేరు తీయించీసినాక ఆ ఊరితో మనకేటి సమ్మందంరా?" అని నా నోరు మూయించేవాడు.

కొన్నేళ్ళ కిందట ఆయనకు గుండె పాడైంది, ఆపరేషన్ తప్పదన్నారు. అంత ఖర్చు ప్రభుత్వ సాయం లేకుండా మావల్ల అయ్యేది కాదు. ఆంధ్రా రేషను కార్డు మీద వైద్యం కావాలంటే ఆంధ్రా ఆసుపత్రికే పోవాలి, రైలు ప్రయాణానికి ఆ గుండె తట్టుకోదని డాక్టరు చెప్పేశాడు. ఇక్కడి ఆరోగ్య కార్డు కావాలంటే ముందు అక్కడి రేషను కార్డులో పేరు తీయించుకు రావాలట. ఆసుపత్రి సహాయ కేంద్రంలోని బెంగాలీ దీదీ మంచి మనిషే, నన్ను కూర్చోబెట్టి టీ కూడా ఇప్పించింది, కానీ ఆవిడ జాలితో ఆపరేషన్ జరగదు గదా. సుభాష్‌పల్లి పేటలో నాకు తెలిసిన పెద్దల ఇళ్ళన్నీ తిరిగాను. గుళ్ళో మనవాళ్ళు వేసుకున్న చందాలు మందులకే సరిపోయాయి. ఉద్యోగమంతా ఆఫీసు వ్యవహారాలు చక్కబెట్టినవాణ్ణి, సొంత బావ దగ్గరకొచ్చేసరికి ఎందుకూ కొరగాకుండా పోయాను.

చివరికి బావ ఒప్పుకున్నాడు. సంతకం పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు. మేనల్లుడు ఊరెళ్ళి పేరు తీయించుకొచ్చాడు. ఇక్కడ ఎక్కించడానికి మాత్రం ఇవాళ సర్వర్ లేదు, సోమవారం రండి, ఆపైన మళ్ళీ రండి అంటూ తిప్పారు. ఆ తిరుగుళ్ళ మధ్యలోనే బావ పోయాడు. పోయేనాటికి ఆయన పేరు అక్కడా లేదు, ఇక్కడా లేదు.

ఆ తర్వాత అప్పకూ పిల్లలకూ ఇక్కడి కార్డు వచ్చింది. మన రోజుల్లో ఇద్దరు తెలుగువాళ్ళు కలిస్తే ముందు మీదే ఊరనే అడిగేవాళ్ళు, మనమూ సరిగ్గా దారి కూడా తెలియని పల్లె పేరు చెప్పి మురిసిపోయేవాళ్ళం. మొన్న ఒక పెళ్ళిలో ఎవరో పెద్దావిడ అలాగే అడిగితే, అప్ప కాస్తయినా తడుముకోకుండా ఖరగ్‌పూర్ అంది. పక్కనే ఉన్న నేను బావ ఊరి పేరు చెబుదామనుకున్నాను గాని, ఆ ఊళ్ళో పేరు తీయించింది మేమేనని గుర్తొచ్చి, అప్పతోపాటు ఔనని తలూపాను.