క్యాథరిన్ వైపు సీటు

రిసాలి క్వార్టర్లలో తెల్ల అంబాసిడర్ ఎవరిదని అడిగితే ఎవరైనా రాబర్ట్ ఇల్లే చూపిస్తారు. ఉక్కు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి. పిల్లలు లేరు. భార్య క్యాథరిన్ పోయాక వారమంతా ఆయన నోరు విప్పేది పాలవాడి దగ్గర, కూరలబండి దగ్గర. మిగిలిన మాటలన్నీ ఆదివారానికి దాచుకునేవాడు.

ఆ రోజు చర్చిలో తెలుగు ఆరాధనకి ముగ్గురు ఆడవాళ్లని కారులో తీసుకెళ్లి తీసుకొచ్చేవాడు. ఒకరు రిటైరైన నర్సు డోర్కాస్. మిగతా ఇద్దరూ స్మృతి నగర్ అక్కాచెల్లెళ్లు. ముగ్గురూ వెనక సీట్లోనే సర్దుకునేవాళ్లు. ముందు సీటు బెంచీలా పొడుగ్గా ఉన్నా, క్యాథరిన్ కూర్చునే ఎడమ వైపు ఎవరూ కూర్చునేవారు కాదు. అలాగని ఎవరూ చెప్పలేదు. ఆవిడ పోయాక వచ్చిన మొదటి ఆదివారం డోర్కాస్ ముందు తలుపు మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేసింది. అదే అలవాటైపోయింది.

ఆ బండికి గేర్‌బాక్స్ ఆయిల్ కొలిచే డిప్‌స్టిక్ బానెట్ కింద ఉండదు. క్యాథరిన్ కాళ్ల దగ్గర, కార్పెట్ ఎత్తి రబ్బరు మూత తీస్తే దొరుకుతుంది. కాబట్టి ఆ పని ఆవిడదే. వంగి పుల్ల లాగి, పాత చీర ముక్కతో తుడిచి, మళ్లీ దించి చూసి, "నిండుగానే ఉందండీ" అనేది. అప్పుడు ఆయన బండి తీసేవాడు.

మొన్నటి వానలకి కారులోకి నీళ్లు దిగాయి. తడిసిన కార్పెట్‌ని, అందులోనే డిప్‌స్టిక్‌ని చుట్టి, వీధి గోడ మీద పెట్టాడు రాబర్ట్. పాత సామాన్లవాడు చెత్త అనుకుని రెండూ పట్టుకుపోయాడు. చలి మొదలయ్యేసరికి గేర్‌బాక్స్ మూలగసాగింది. లోపల ఆయిల్ ఎంతుందో తెలియక బండి తీయడం మానేశాడు.

శుక్రవారం డోర్కాస్ ఫోన్ చేసింది.

"బండికి ఏటైంది అన్నయ్యా? ఆళ్లిద్దరూ ఆటో శ్యామసుందర్‌ని నెలకి మాట్లాడీసుకుందాం అంటన్నారు. ఈ ఆదివారం దాకా ఆగండని నేనే ఆపాను."

"వచ్చీస్తాను చెల్లెమ్మా. ఆటో మాట్లాడకండి."

ఫోన్ పెట్టేశాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు ఒక్కటే మిగిలింది.

సుపేలా బజారులో స్పేర్ పార్టుల కొట్లో కూర్చున్నాయన నవ్వాడు. "ఒరిజినల్ అబ్ కహాఁ మిలేగా అంకుల్," అసలుది ఇప్పుడెక్కడ దొరుకుతుందంటూ ఏ బండికైనా పనికొచ్చే డిప్‌స్టిక్ ఒకటి తీశాడు. దాన్ని అడుగుకి ఆనేదాకా దించి, పైన కన్నం మూతికి ఆనేలా కాలర్ బిగించి, మిగిలింది కోసేస్తే సరి, కొస దగ్గరి గీత దాకా ఆయిల్ తడిస్తే నిండుగా ఉన్నట్టు అన్నాడు.

శనివారం పొద్దున్నే రాబర్ట్ తన వైపు కూర్చుని, అవతలికి బాగా వంగి, పుల్లని కన్నంలోకి దించాడు. ఆనింది. కాలర్ బిగించాడు. తీసి చూస్తే కొస పొడిగా ఉంది. ఆయిల్ పోశాడు. చాల్లేదు. ఇంకా పోశాడు. చివరికి గీత తడిశాక వీధి చివరిదాకా వెళ్లొచ్చాడు. దిగి చూస్తే బండి కింద నల్లటి ఆయిల్ బొట్లు బొట్లుగా పడుతోంది.

క్యారియర్‌లో చేపల పులుసు పట్టుకొచ్చిన డోర్కాస్‌కి ఆయన చక్రం పక్కన చతికిలబడి కనిపించాడు.

"పొంగిపోయినట్టు కార్తంది. పుల్ల చూస్తే సరిగ్గానే ఉందంటంది," అన్నాడు.

"ఎలా పెట్టారో చూపించండి."

మళ్లీ తన వైపు నుంచే వంగి చూపించాడు.

"ఒంకరగా దించితే లోపలి గోడకి తగల్దా? నా దగ్గర సూది అలా పట్టుకున్న పిల్లని వార్డులోంచి పంపీసాను. అటేపు కూకుని తిన్నగా పెట్టకూడదా ఏటి?"

రాబర్ట్ ఆ ఖాళీ సీటు వైపు చూశాడు. డోర్కాస్‌కి తన మాట తనకే వినిపించినట్టుంది. క్యారియర్ రెండో చేతిలోకి మార్చుకుంది.

"నేను చూడనా పోనీ?"

"వద్దులే."

చుట్టూ తిరిగి వెళ్లి, ఆ తలుపు తీసి కూర్చున్నాడు. సీటు కిర్రుమంది. అక్కడినుంచి చూస్తే స్టీరింగ్ దూరంగా ఉంది. తాను కూర్చునే చోట సీటు కవరు అంచు చిరిగి పీచు బయటికొచ్చింది. ఇన్నేళ్లలో ఆ చిరుగు ఆయన చూడలేదు. రోజూ చూసిన మనిషి ఎన్నడూ అనలేదు.

కాలర్ వదులుచేసి పుల్లని తిన్నగా దించాడు. ఇందాక ఆగిన చోటు దాటి ఇంకా రెండు వేళ్ల లోతు దిగి టంగుమంది. కాలర్ బిగించి తీసి చూస్తే ఆయిల్ గీతకి చాలా పైన ఉంది. బండి కిందికి దూరి గేర్‌బాక్స్ అడుగు మర వదులుచేసి బేసిన్‌లోకి కొంచెం వదిలాడు. వచ్చి అటు వైపే కూర్చుని చూశాడు. మళ్లీ దూరాడు, మళ్లీ కూర్చున్నాడు. కారడం నిలిచింది. చివరిసారి ఆయిల్ గీత మీదే నిలబడింది.

"నిండుగానే ఉంది," అన్నాడు స్టీరింగ్ వైపు తిరిగి.

అక్కడ ఎవరూ లేరు. డోర్కాస్ క్యారియర్ మూత ఊడిందేమోనన్నట్టు దానిమీదికి వంగింది.

ఆదివారం స్మృతి నగర్ గేటు దగ్గర అక్కాచెల్లెళ్లు కూడా ఎప్పటిలాగే వెనక డోర్కాస్ పక్కన ఎక్కారు. రాబర్ట్ మాత్రం దిగి, చుట్టూ తిరిగి వెళ్లి, ముందు ఎడమ తలుపు తీసి కూర్చుని, పుల్ల లాగి తుడిచి, మళ్లీ దించి చూశాడు. చూడవలసినంత సేపటికన్నా ఎక్కువసేపే కూర్చున్నాడు. వెనక ఎవరూ కదల్లేదు.

"పదండి అన్నయ్యా," అంది డోర్కాస్ మెల్లగా. "మొదటి పాట అయిపోతాది."