బాపు తాళం తిప్పితే

కారు స్టార్ట్ చేయడం మా బాపు చేతిలో ఉన్న విద్య అని మా ఇంట్లో అందరం నమ్మేవాళ్లం. బాపు మాకంటే గట్టిగా నమ్మేవాడు. మాది మేడిపల్లి దగ్గర పల్లె, ఊరంతటికీ ఒకటే కారు, అది మాది. పొద్దున బాపు ఉతికిన ధోవతితో వచ్చి కూర్చుని, తలుపు వేసుకుని, దేవుడికి దీపం పెట్టినంత భక్తిగా తాళం తిప్పేవాడు. అప్పటికే వెనక ఆరేడుగురు చేతులు ఆనించి ఉండేవాళ్లు. మా పాలేర్లందరికీ పెద్ద అయిన పెద్దజీతగాడు ఒక కేక వేస్తే అందరూ కలిసి నెట్టేవాళ్లు. కారు రెండుసార్లు కుదుపుకుని, వాళ్ల ముఖాన ఇంత పొగ కొట్టి వెళ్లిపోయేది. సాయంత్రం తిరిగొచ్చాక బాపు అమ్మతో, "మంచి బండి. తాళం తిప్పుడే ఆలస్యం" అనేవాడు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు మా ఊళ్లోకి రైతుకూలీల సంగం వచ్చింది. చుట్టుపక్కల మాలాంటి దొరలు చాలామంది సంగం భయానికి అప్పటికే జగిత్యాలలోనో కరీంనగర్‌లోనో ఇళ్లు చూసుకున్నారు. బాపు మాత్రం కదల్లేదు. ఒక సాయంత్రం బడి ముందు మీటింగు జరిగింది. ఇకమీదట ఊళ్లో ఎవరూ చేయకూడని వెట్టి పనులు చదివారు, అందులో కారు నెట్టడం కూడా ఉంది. ఆ సంగతి పెద్దజీతగాడే వచ్చి మర్యాదగా చెప్పాడు.

"దొరా, రేపటి సంది కారు నూకం."

"నూకకున్రి. కారుకు తాళమున్నది" అని బాపు నవ్వాడు.

మర్నాడు తాళం తిప్పితే కారు టిక్కుమని కూడా అనలేదు. ఆ వారంలోనే పెద్దజీతగాడు సిరిసిల్లకు పోయి, సాంచెల దగ్గర, అంటే మరమగ్గాల దగ్గర, నూలు మూటలు మోసే పనిలో చేరాడు. ఉదయం నుంచి రాత్రిదాకా మగ్గాలు దడదడలాడే ఊళ్లో ఆయన ఎలా ఉంటున్నాడో అని అమ్మ అప్పుడప్పుడు అనేది. బాపు ధ్యాసంతా కారు మీదే.

డ్రైవరు దుబాయి వెళ్లి ఏళ్లయింది కాబట్టి రోగం కనిపెట్టే పని బాపు మీదే పడింది. బానెట్ ఎక్కడ నొక్కితే లేస్తుందో తెలుసుకోవడానికే ఒక పూట పట్టింది. లేచాక, పొరపాటున వేరేవాళ్ల ఇంట్లోకి వెళ్లినవాడిలా లోపలికి చూసి, "చలికి పట్టుకపొయింది" అన్నాడు. అది ఏప్రిల్ నెల. రెండో వారం పెట్రోల్లో నీళ్లు కలిశాయన్నాడు. మూడో వారం బ్యాటరీ మీద అనుమానం వచ్చి దాన్ని తడిగుడ్డతో తుడిపించాడు. తుడిచింది నేనే. కారు ముందు నుంచి తిప్పి స్టార్ట్ చేసే ఇనుప రాడ్ ఉండాలి కదా అని అమ్మ గుర్తుచేస్తే ఇల్లంతా వెతికాం. అది కొట్టంలో బర్రెను కట్టేసే గుంజగా పాతి ఉంది. పీకి చూస్తే వంకర తిరిగిపోయింది. బర్రె కూడా మావైపు అదోలా చూసింది.

నాలుగో వారంలో ఒక పొద్దున అన్నం తింటూ నేను నోరు జారాను. పెద్దజీతగాడు మేనకోడలి పెళ్లికి సిరిసిల్ల నుంచి వచ్చాడని, నిన్న కారు పక్కన నిలబడి బానెట్ మీద చెయ్యి వేశాడని చెప్పాను. అక్కడితో ఊరుకోకుండా, "లేస్తలేదా అని అడిగి నవ్విండు" అని కూడా కలిపాను.

బాపు ముద్ద కిందపెట్టాడు. "నవ్విండా?"

అంతే, రోగం దొరికిపోయింది. ఇంజను చెడాలని వాడు పెట్రోల్ ట్యాంకులో చక్కెర పోశాడని బాపు తేల్చేశాడు. నాలుగు వారాల కింద ఆగిన కారు నిన్న పోసిన చక్కెరకు ఎలా ఆగుతుందని అడిగే ధైర్యం ఎవరికీ లేదు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని, కోరుట్ల ఠాణాకు ఫిర్యాదు నాచేతే రాయించాడు. చక్కెర అరకిలోనా కిలోనా అని అడిగితే కాసేపు ఆలోచించి, "కిలో రాయి" అన్నాడు.

ఇక్కడిదాకా నవ్వుకుంటూ చెప్పగలను. ఆ రోజుల్లో సంగంలో తిరిగే మనిషి పేరు కాగితం మీద ఠాణాకు వెళ్తే ఏమవుతుందో మా ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. పక్క ఊరి నుంచి పోలీసులు తీసుకెళ్లిన ఒకాయన నెల తర్వాత నడవలేక ఎడ్లబండిలో పడుకుని తిరిగొచ్చాడు. పెద్దజీతగాడు నన్ను మూడో తరగతి దాకా భుజాల మీద బడికి మోసినవాడు. ఆయన పేరు దగ్గర నా చెయ్యి ఆగింది. బాపు దగ్గాడు. రాసేశాను.

అమ్మ ఒక్కతే తెలివిగా అడ్డుపడింది. "ఠాణకు పొయ్యే ముందుగాల్ల మెకానిక్‌కు సూపియ్యుండ్రి. రేపు అండ్ల సక్కెర లేకపోతె పోలీసోళ్లు గూడ నవ్వుతరు." ఎవరికి ఏమైనా ఫరవాలేదు గానీ, మనుషులు నవ్వడం బాపుకు పడదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని కోరుట్లకు కబురు పంపాడు.

ఆ మధ్యాహ్నం బస్సుకే మెకానిక్ సాబ్ సంచితో దిగాడు. పెట్రోల్ వాసన చూశాడు. బాపు చక్కెర అన్నాడు, ఆయన లేదన్నట్టు తలూపాడు. తాళం తిప్పి, చెవి పెట్టి విన్నాడు. బానెట్ కింద వంగి చాలాసేపు లేవలేదు. లేచాక ఎవరో పోయిన వార్త చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు.

"సాబ్, ఇండ్ల సెల్ఫ్ మోటర్ లేదు."

"ఖరాబైందా?"

"ఖరాబ్ గాదు. లేనే లేదు."

ఇంజనును మొదట తిప్పాల్సిన ఆ మోటారు ఉండవలసిన చోట కందిరీగలు మట్టిగూడు కట్టుకుని ఉన్నాయి. "ఏడేండ్ల కింద మీ డ్రైవరే ఇప్పుకొని నా దుకాణంకు తెచ్చిండు. బాగ చేసి పెట్టిన. ఆయన దుబాయి పాయె, మీరు రాకపోతిరి. గాలికి కాయితాలు ఎగరకుండ దాన్నే బరువు పెట్టుకుంటున్న."

బాపు వెళ్లి కారులో కూర్చుని తాళం మళ్లీ ఒకసారి తిప్పాడు. "మరి గీ ఏడేండ్లు ఎట్ల నడిచింది?" అన్నాడు. మెకానిక్ సాబ్ సంచి సర్దుకున్నాడు.

అప్పుడే పెద్దజీతగాడు సిరిసిల్ల బస్సుకని భుజాన సంచితో అటుగా వచ్చాడు. గేటు బయట ఇంకో నలుగురైదుగురు గుమిగూడి చూస్తున్నారు. బాపు చెయ్యి జేబు మీదికి పోయింది.

"కారుకు సెల్ఫ్ లేదంటున్నడు" అన్నాడు బాపు.

"అవ్ దొరా."

"నీకు ఎర్కేనారా?"

"డ్రైవరు ఇప్పుతాంటె సంచి వట్టుకున్నదే నేను. మా అందరికి ఎర్కే."

"మరి చెప్పద్దా?"

"మీరు అడుగలే గద దొరా."

"నిన్న నవ్వినవట."

"నవ్విన. నాలుగు వారాల సంది తాళం తిప్పుతాండ్రు అంటె నవ్వచ్చింది." ఆ మాటలో ద్వేషం లేదు, భయం కూడా లేదు. ఆ భయం లేకపోవడం బాపు మొదటిసారి చూస్తున్నాడని ఆయన ముఖమే చెప్పింది.

మెకానిక్ సాబ్ జిడ్డు చేతులు తుడుచుకోవడానికి ఏదైనా గుడ్డ ఉందా అని అడిగాడు. నేను కదలక ముందే బాపు జేబులోని కాగితం తీసి ఆయనకిచ్చాడు. నా గుండ్రటి అక్షరాలు, కిలో చక్కెర, ఆ పేరు అన్నీ రెండు నిమిషాల్లో నల్లబడ్డాయి. నాకు ఏడుపొచ్చింది, గూట్లోంచి లేచిన కందిరీగ కుట్టిందని చెప్పాను.

మోటారు బిగించాలంటే కారు కోరుట్లకు పోవాలి. పోవాలంటే నెట్టాలి. బాపు గేటు వైపు చూశాడు. ఎవరూ కదల్లేదు.

"సంగంల అనుకున్న మాట దొరా. దొర కూసుంటె నూకం" అన్నాడు పెద్దజీతగాడు.

"నేను కూసుంట. నేనేడ దొరను" అని మెకానిక్ సాబ్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు.

పెద్దజీతగాడు కాస్త ఆలోచించి, సంచి గోడ మీద పెట్టి, కారు వెనక చేతులు ఆనించాడు. గేటు దగ్గరి నుంచి ఇద్దరే వచ్చారు. ముగ్గురితో కారు కదల్లేదు. నేను వెళ్లి ఆయన పక్కన చెయ్యి వేశాను. కాసేపటికి బాపు ధోవతి ఎగగట్టి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. కేక ఎవరు వేయాలో తెలియక ఒక్కక్షణం అందరం ఆగాం. పెద్దజీతగాడే వేశాడు.

మూలమలుపు దాకా నెట్టాం. కారు కుదుపుకుని, బాపు ముఖాన ఇంత పొగ కొట్టి, కోరుట్ల వైపు వెళ్లిపోయింది. బాపు రోడ్డు పక్క రాయి మీద కూలబడి చాలాసేపు దగ్గాడు.

"ఇంత బరువుంటదారా ఇది?"

పెద్దజీతగాడు గోడ మీది సంచి తెచ్చి భుజాన వేసుకున్నాడు. "ఇంతకన్న ఎక్కువనే ఉంటుండె దొరా. లోపట మీరుంటిరి గద."