ఊట నీళ్ల మీద చెప్పిన మాట

"మీరేం కంగారు పడకండి" అని ఎవరన్నా అన్నారంటే చాలు, నాకు అప్పుడే కంగారు మొదలవుతుంది. ఇది నా ఒక్కదాని జబ్బు కాదు, మా కొండ మీద ఊరందరికీ ఉంది. అనంతగిరి దగ్గర ఘాట్ రోడ్డు వదిలేసి, కాఫీ తోటల్లోంచి పడి నడిచొస్తే మా ఊళ్లో మొదట కనిపించేవి ఇంటికొకటి చొప్పున నిలబెట్టిన కుళాయి దిమ్మలు. వాటిలోంచి ఒక్క చుక్క రాలిన పాపాన పోలేదు. పక్కింటావిడ తన దిమ్మకి మేకని కడుతుంది. నేను నాదానికి బట్టలారేసే తాడు కట్టాను. ఓసారి అరకు సంతలో అల్లం అమ్మేసి, సిగ్నల్ బాగుంది కదాని ఫోన్లో వెతికితే, మా ఊళ్లో ప్రతి ఇంటికీ నీళ్లందుతున్నాయని సర్కారు వారి వెబ్‌సైట్లో ఉంది. పక్కనే పచ్చటి టిక్కు. ఒళ్లు మండిపోయింది నాకు. బిందె నెత్తినెట్టుకుని ఊటకి పోయేది మేము, టిక్కు పెట్టుకునేది వాళ్లూనా!

ఆ ఊట మా ఊరికి పైన, పనస చెట్ల కింద ఉంటుంది. బండ చీలికలోంచి వేసవిలో కూడా సన్నగా కారుతూనే ఉంటుంది. తరాల నుంచీ తాగుతున్న నీళ్లు అవే. అక్కడికి చెప్పులతో వెళ్లం, అక్కడ ఉమ్మం, అక్కడ తిట్టుకోం. తిట్టుకోవాలంటే కిందికి దిగొచ్చి తిట్టుకుంటాం.

అనుమానంలో మా అయ్య నాకంటే నాలుగాకులు ఎక్కువ చదివాడు. బళ్లో కాదులెండి, ఆఫీసర్ల దగ్గర. రోడ్డు వేస్తామని ఒకరొచ్చారు, కొబ్బరికాయ కొట్టారు, ఫొటో దిగారు. అయ్య ఆ కొబ్బరి ముక్క నములుతూ, "రోడ్డు సంగతేటో గానీ కాయ మాత్రం ముదురుదే" అన్నాడు. ఆ తర్వాత వైద్య శిబిరంలో అయ్యకి సుగరని తేలింది. ఆ డాక్టరు పిల్ల మంచిదే, ఓపిగ్గానే చెప్పింది: మాత్రలు ఒక్కరోజు కూడా మానకూడదు, ప్రతి నెలా మీ ఇంటి గుమ్మం దాకా తెచ్చిస్తారు, మీరు కొండ దిగక్కర్లేదు అని. కొన్నాళ్లు తెచ్చారు. వానలు పడ్డాయి, దారి కోసుకుపోయింది, తేవడం మానేశారు. అడిగితే "రికార్డులో ఇచ్చినట్టే ఉందే" అన్నారు. అప్పట్నుంచి నేనే దిగి తెస్తున్నాను. అయ్య గొణుక్కుంటూనే మింగేవాడు. మింగుతున్నాడు కదా, అంతే చాలనుకున్నాను.

ఇలా ఉండగా ఒక చలికాలం పొద్దున్న ఒకడొచ్చాడు. నల్ల కళ్లద్దాలు, కర్రకి బిగించిన ఫోను, నోటి నిండా "అక్కా, అక్కా". ఎవరూ చూడని చోట్లు చూపిస్తుంటాడట. ఎవరూ చూడలేదంటే మేమెవరం అని అడగబోయి ఊరుకున్నాను. బూట్లతో ఊట దగ్గరకి పోబోతే మాత్రం కసిరాను. పాపం, గబగబా విప్పేశాడు. నేను బిందె నింపుకుని వచ్చేశాను. అయ్య అక్కడే ఉండిపోయాడు, కొత్త మనిషిని కనిపెట్టడానికి.

కొన్నాళ్లకి సంతలో కూరలు కొనే ఆవిడ తన ఫోన్లో ఆ వీడియో చూపించింది. మా ఊటే. మా పనస చెట్లే. వాడు నీళ్లు దోసిట్లో పట్టుకుని చెప్తున్నాడు: "ఫ్రెండ్స్, ఈ నీళ్లు తాగితే సుగర్ మాయం! ఇక్కడి గిరిజనులకి సుగర్ అంటే ఏంటో కూడా తెలీదు!" చెప్పి గటగటా తాగేశాడు. వాడి వెనకాల ఆకుపచ్చ తువ్వాలు కట్టుకుని, సుగరున్న మా అయ్య నిలబడి ఉన్నాడు.

నాకు నవ్వాగలేదు. ఇంటికొచ్చి అయ్యకి చెప్పి ఇంకాస్త నవ్వాను. అయ్య నవ్వలేదు. "ఊఁ" అని ఊరుకున్నాడు.

ఆ తర్వాత కార్లు మొదలయ్యాయి. విశాఖ నుంచి, విజయనగరం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో. కింద దారి ఆగిపోయిన చోట ఒకడు బడ్డీ కొట్టు కూడా పెట్టేశాడు. అక్కడ కార్లు ఆపి, క్యాన్లు మోసుకుంటూ ఎక్కేవారు. మాకు రోడ్డు తేలేని సర్కారు కంటే, ఆ కళ్లద్దాల వాడే జనాన్ని తెచ్చాడు. అయ్య ఊట పక్కన బండ మీద కూర్చుని "సెప్పులు ఇప్పండి బాబూ" అని అందరికీ చెప్పేవాడు. అంతకు ముందెప్పుడూ చూడని హుషారు మనిషిలో. పొద్దున్నే లేచి రెండు చెంబులు ఎక్కువ తాగి, "ఒల్లు తేలిగ్గుంది" అనేవాడు. నాకు ఆ హుషారు మీదే అనుమానం వచ్చింది. గూట్లో చెయ్యి పెట్టి చూస్తే మాత్రల అట్టలన్నీ నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"ఏటయ్యా ఇది?" అని అరిచాను. "మాత్రలు మానేసావా?"

"అక్కర్నేదు. ఊట నీల్లు తాగుతున్నాను కదేటి."

"ఓలమ్మో! పుట్టిన కాడి నుంచీ ఆ నీళ్లే కదా తాగుతున్నావు! అవి తాగుతుండగానే కదా నీకు సుగరొచ్చింది!"

దానికి జవాబుండదనుకున్నాను. అయ్య నింపాదిగా, "ఆడు నీల్లు సేతిలో అట్టుకుని సెప్పాడే" అన్నాడు.

అప్పుడు నాకు విషయం అర్థమైంది. మా ఊళ్లో తగువొస్తే పోలీసు స్టేషన్‌కి పోరు. ఎవరి మేక ఎవరి చోడి చేలో పడింది, గట్టు ఎవరు జరిపారు అన్నది తేలకపోతే ఇద్దరూ ఊట దగ్గరకి పోతారు. దోసిట్లో నీళ్లు పట్టుకుని తన మాట చెప్పి, ఆ నీళ్లు తాగాలి. అబద్ధమైతే తాగలేడు, వేళ్ల సందుల్లోంచి వదిలేస్తాడు. అంతే, తీర్పయిపోయినట్టే. మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తరు. ఆ నీళ్లు పట్టుకుని అబద్ధం చెప్పి తాగిన మనిషిని మా అయ్య తన బతుకులో చూడలేదు. ఆ కళ్లద్దాల వాడికి అది వీడియోకి బాగుండే పోజు. మా అయ్యకి అది ప్రమాణం.

"ఆడికి మన పద్ధతి తెలీదయ్యా" అన్నాను.

"ఆడికి తెలీపోతే నీల్లకి తెలీదేటి?"

"అయ్యా, వాడు ఊరూరా తిరిగి ఇలాంటివే చెప్తాడు."

"సర్కారోడి మాట నమ్మకూడదని నువ్వే కదే అంటావు. మాత్రలిచ్చినోల్లు సర్కారోల్లు కాదేటి? ఇంటికి తెత్తామన్నారు, తెచ్చారా? ఒక్క ఆపీసరైనా ఆ నీల్లట్టుకుని సెప్పాడా? ఈడు సెప్పాడు. సెప్పి తాగాడు."

నా మాటలు నాకే అప్పజెప్పాడు. ఆ డాక్టరు పిల్ల నిజం చెప్పిందని నాకెలా తెలుసంటే, తెలుసంతే. పచ్చ టిక్కు పెట్టిన చేతులూ, మాత్రలిచ్చిన చేతులూ ఒకటి కాదని ఆయనకి చెప్పబోతే నాకే నోరు తిరగలేదు. ఏడుపొచ్చింది. ఏడిస్తే నా ఎదురుగా ఒక మాత్ర నోట్లో వేసుకున్నాడు. నేను అటు తిరగ్గానే పెరట్లోకి ఉమ్మేశాడని తర్వాత తెలిసింది.

మిరియాలు కోసే రోజుల్లో నరికేసిన కాఫీ మోడు ఒకటి అయ్య కాలి వేలికి గుచ్చుకుంది. మా తోటల్లో ఇది మామూలే, పసరు పిండి కట్టేస్తాం. అయ్య దాన్ని ఊట నీళ్లతో కడుక్కుంటూ వచ్చాడు. మానుతోందన్నాడు. తువ్వాలు చింపి చుట్టుకుని తిరిగాడు. నొప్పి లేదంటే నేనూ వదిలేశాను. సుగరున్న వాళ్లకి నొప్పి లేకపోవడమే చెడ్డదని ఎవరు చెప్పారు మాకు! ఇంట్లో వాసన మొదలయ్యాక గుడ్డ లాగి చూస్తే వేళ్లు నల్లబడిపోయి ఉన్నాయి. ఊరి మగాళ్లు డోలీ కట్టి కొట్టు దాకా మోశారు. అక్కణ్నుంచి అంబులెన్సులో పట్నం ఆసుపత్రికి. పాదం సగానికి పైగా తీసేశారు.

ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఆ వీడియో వెతికి పట్టుకున్నాను. "నీ వెనకాల నిలబడ్డది మా అయ్య. ఆయనకి సుగరుంది. నీ మాట నమ్మి మాత్రలు మానేసి కాలు పోగొట్టుకున్నాడు. ఆ వీడియో తీసెయ్యి" అని దాని కింద రాశాను. సాయంత్రానికి జవాబొచ్చింది. "థాంక్యూ అక్కా, మీ సపోర్ట్ ఇలాగే ఉండాలి" అని, పక్కన రెండు చేతులు జోడించిన బొమ్మ. ఏం రాశానో చదివాడో లేదో! ఫోను నేలకేసి కొడదామనుకున్నాను.

ఇంటికొచ్చాక అయ్య మాత్రలు వేళకి వేసుకున్నాడు. నేను చూడకపోయినా వేసుకున్నాడు. కానీ కాలు మాత్రం ఎవరికీ చూపించడు, ఎప్పుడూ గుడ్డ చుట్టే ఉంచుతాడు. ఎవరడిగినా "కాపీ మోడు గుచ్చుకుని సెడిపోనాది" అంటాడు. సుగరు మాట, నీళ్ల మాట ఎత్తడు. ఎందుకలా అంటావని అడిగితే, "ఊటకి సెడ్డపేరు రాకూడదే" అన్నాడు. ఆయన మాటే ఊరంతా అనుకుంది, కింద కొట్టు దాకా పాకింది. కార్లు వస్తూనే ఉన్నాయి. అయ్య కర్ర పట్టుకుని మెల్లగా ఎక్కి, మళ్లీ ఆ బండ మీదే కూర్చుంటున్నాడు. చెప్పులు విప్పమని చెప్పడం మాత్రం మానేశాడు.

ఒకరోజు నేను బిందె ముంచుతుండగా ఒకావిడ పదేళ్ల పిల్లని వెంటబెట్టుకుని వచ్చింది. మంచి మనిషిలాగే ఉంది. చెప్పకుండానే చెప్పులు విప్పింది. పిల్ల ఎండకి వాడిపోయి ఉంది.

"తాతా, ఈ నీళ్లేనా? మా పాపకి చిన్నప్పటి నుంచే సుగరు. రోజూ సూదులు పొడవలేక నా ప్రాణం పోతోంది. ఇవి మొదలెట్టి సూదులు ఆపేద్దామని" అంది.

అయ్య ఆ పిల్ల వంక చూశాడు. కర్ర పక్కన పెట్టి, వంగి, దోసిట్లో నీళ్లు పట్టాడు. ఊట మీద ఏం చెప్పబోతున్నాడో నాకు తెలిసిపోయింది.

"అమ్మా, ఈ నీల్లు తాగితే సుగరు తగ్గదు. నేను..."

"చెయ్యి తర్వాత కడుక్కుందువు గాని తాతా, ముందు ఈ క్యాను ఎక్కడ పెట్టాలో చెప్పు" అందావిడ.

అయ్య చెప్పడం ఆపలేదు. "నేను ఈటిని నమ్ముకుని మాత్రలు మానేసాను. ఈ కాలు అందుకే పోనాది" అని, ఆ నీళ్లు తాగి, గుడ్డ విప్పాడు. ఇంట్లో నాకు కూడా విప్పి చూపించని కాలు అది. పిల్ల వాళ్లమ్మ వెనకాల దాక్కుంది. ఆవిడ మొహం తిప్పుకుని, గబగబా క్యాను నింపుకుని, పిల్ల చెయ్యి పట్టుకుని దిగిపోయింది.

నేను బిందె అక్కడే వదిలేసి వెనకాల పరుగెత్తాను. కారు దగ్గర అందుకున్నాను. "అమ్మా, నీకు దణ్ణం పెడతాను, పిల్లకి సూది మానకు" అన్నాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "కింద కొట్టు దగ్గర అడిగే వచ్చామమ్మా. ఆ తాత కాలు మోడు గుచ్చుకుని పోయిందట కదా. పాపం ముసలాయన చేత ఎందుకు అబద్ధాలాడిస్తారు? మేం నాలుగు చుక్కల నీళ్లు పట్టుకెళ్తే మీ ఊట ఎండిపోతుందా?" అంది.

పిల్ల కారు అద్దంలోంచి నన్నే చూస్తోంది. కారు వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. తిట్టాలనిపించింది. ఎవర్ని తిట్టాలో తెలీలేదు.

పైకి ఎక్కొస్తే అయ్య అలాగే కూర్చుని ఉన్నాడు, కాలు బయటే పెట్టుకుని. మొహంలో ఆశ.

"ఏటన్నాదే? పిల్ల గుంటకి సూది ఏత్తాదా?"

"ఏత్తాది అయ్యా. తప్పకుండా ఏత్తానని నాకు మాటిచ్చింది" అన్నాను.

"మాటిచ్చిందా?" అన్నాడు అయ్య. గుడ్డ అందుకుని మెల్లగా కాలికి చుట్టుకోవడం మొదలెట్టాడు. "అయితే ఎయ్యదులే."