పులిహోర ఆంటీ పేరు

నా చిన్నప్పుడు అమెరికాలో, మా షామ్‌బర్గ్‌ ఊళ్ళో తెలుగు పెద్దవాళ్ళెవరికీ పేర్లుండేవి కావు. మగవాళ్ళంతా అంకుల్, ఆడవాళ్ళంతా ఆంటీ. మరీ గుర్తు చెప్పాల్సి వస్తే పులిహోర బాగా చేసే ఆవిడ పులిహోర ఆంటీ, అందరికీ ఫోటోలు తీసే ఆయన కెమెరా అంకుల్. ఉన్నదే ఇరవై తెలుగు కుటుంబాలు కాబట్టి, నాకు తొమ్మిదేళ్ళు వచ్చేదాకా దీనివల్ల ఏ ఇబ్బందీ రాలేదు.

ఆ ఏడు మా మామయ్య, అమ్మ తమ్ముడు, మాతోనే ఉండేవాడు. ఆయనకి ఫిట్స్ వచ్చేవి. కింద పడిపోవడం లాంటిదేమీ ఉండేది కాదు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి, చొక్కా గుండీ తడుముకుంటూ ఎటో చూస్తుండిపోయేవాడు. రెండు నిమిషాల్లో తేరుకునేవాడు గానీ, ఆ తర్వాత పేర్లు ఒక పట్టాన గుర్తొచ్చేవి కావు. ఒకసారి నా పేరే దొరక్క "ఏమేవ్" అని సర్దుకున్నాడు. కబుర్లపోగు లాంటి మనిషి, ఎక్కడ నోరు తడబడుతుందోనని నలుగురిలోకి రావడమే మానేశాడు. ఈ సంగతి బయటెవరికీ చెప్పనని అమ్మ నా చేత ఒట్టు వేయించుకుంది. తెలిస్తే వాడికి పిల్లనెవరిస్తారని ఆవిడ బెంగ.

మామయ్య కారు నడపకూడదు కాబట్టి, ప్రతి గురువారం అమ్మే ఆయన్ని ఆస్పత్రికి, స్పీచ్ థెరపీకి తీసుకెళ్ళేది. నన్ను ఒక్కదాన్నే ఇంట్లో వదల్లేక నన్నూ తోలుకెళ్ళేది. థెరపిస్టు పొడుగాటి అమెరికన్ ఆవిడ. ఒక్కో బొమ్మ చూపించి దాని పేరు అడిగేది. పేరు రాకపోతే దాని వెంటపడి పరుగెత్తొద్దనీ, నెమ్మదిగా దాని చుట్టూ తిరగమనీ చెప్పేది. అదెక్కడుంటుంది, దేనికి పనికొస్తుంది, ఎవరు వాడతారు అని చెప్పుకుంటూ పోతే పేరు దానంతటదే రావచ్చు, రాకపోయినా ఎదుటివాళ్ళకి అర్థమవుతుంది. దువ్వెన బొమ్మ చూపిస్తే మామయ్య కాసేపు మాటల్తో దాని చుట్టూ తిరిగి, తిరిగి, "మా బావగారికి అక్కర్లేనిది" అన్నాడు. మా నాన్నది నున్నటి బట్టతల. ఆ గదిలో మా అమ్మ నవ్విన నవ్వు నాకిప్పటికీ వినిపిస్తుంది.

ఏటా జూలైలో మావాళ్ళంతా పార్కులో పిక్నిక్ చేసుకునేవారు. కొత్తగా వచ్చిన కుటుంబానికి ఎవరో ఒకరు అందర్నీ పరిచయం చేయడం ఆనవాయితీ. ఆ పని ఈసారి తానే చేస్తానన్నాడు మామయ్య. పదిమందిని పేర్లతో పరిచయం చేసి రమ్మని థెరపిస్టు ఇచ్చిన హోమ్‌వర్క్ అది. అమ్మ వద్దని మొత్తుకుంది. నేను మాత్రం ఎగిరి గంతేశాను. కెమెరా అంకుల్ తీసిన ఫోటోలు చూపించి పేర్లు అడిగే టీచరు ఉద్యోగం నాకొచ్చింది మరి.

మొదటి ఫోటో పెట్టి పేరు అడిగాను. మామయ్య తెల్లమొహం వేసి నన్నే చెప్పమన్నాడు. "ఆంటీ" అన్నాను. రెండో ఫోటో కూడా ఆంటీయే. అమ్మని పిలిస్తే ఆవిడకీ డాక్టర్ గారి మిసెస్ అనే తెలుసు. చివరికి అమ్మే ఫోన్ పట్టుకుని, పచ్చళ్ళ కొలతలు అడిగే వంకతో, "ఇంతకీ మీ పేరేంటండీ?" అని ఒక్కొక్కరినీ అడిగి రాసింది. రెండు వారాలు నేను చండశాసనురాలినై మామయ్య చేత వల్లె వేయించాను.

పిక్నిక్ రోజు నలుగురి పేర్లు చకచకా వచ్చాయి. ఐదో మనిషి పులిహోర ఆంటీ. మామయ్య నోరు తెరిచి అలాగే ఆగిపోయాడు. అందరూ ఆయన వైపే చూస్తున్నారు. అమ్మ తల వంచుకుంది. పేరు నా నాలుక చివరే ఉంది, అందించబోతే చెయ్యెత్తి వద్దన్నాడు. తర్వాత నెమ్మదిగా ఆ పేరు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఈవిడ పులిహోర చేస్తే గిన్నె నాకేస్తాం, ఈవిడ నవ్వితే పార్కింగ్ లాట్ దాకా వినిపిస్తుంది అన్నాడు. అయినా పేరు రాలేదు.

"నాకు ఫిట్స్ ఉన్నాయండీ, పేర్లు పోతుంటాయి. థెరపీకి వెళ్తున్నాను. మీ పేరు మీరే చెప్పరూ?"

ఆంటీ "సత్యవతి" అంది. మళ్ళీ గట్టిగా, "సత్యవతినండీ. ఈ ఊరొచ్చి పదేళ్ళయింది, మొన్న మీ అక్కయ్య ఫోన్ చేసేదాకా అడిగినవాళ్ళే లేరు" అని పార్కింగ్ లాట్ దాకా వినిపించేలా నవ్వింది. పక్కనున్న ఆవిడ అడక్కుండానే తన పేరు చెప్పింది. ఆ తర్వాత ఎవరూ ఆగలేదు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి పేరు చెప్పడం, పిల్లలం ఆ పేరే అరిచి చప్పట్లు కొట్టడం. చివరికి అమ్మ తలెత్తి, వచ్చి తమ్ముడి పక్కన నిలబడి తన పేరు చెప్పింది. ఉత్తరాల కవర్ల మీద చూడడమే గానీ, ఆ పేరు ఆవిడ నోట వినడం నాకదే మొదలు. ఆనందం పట్టలేక అందరికంటే గట్టిగా అరిచాను.

ఇప్పుడు నేనే ఒక ఆంటీని. పదిసార్లు కలిసిన మనిషి ఎదురైనా ముందు నా పేరు చెప్తాను, వాళ్ళు వెతుక్కోనక్కర్లేకుండా. మామయ్యకి ఫోన్ చేసినా అంతే. "తెలుసులేవే!" అని కసురుతాడు. ఒక్కోసారి తెలియదని నాకు తెలుసు. అయినా ప్రతిసారీ అదే కసురు, ప్రతిసారీ ఇద్దరం నవ్వుకుంటాం.